ఇంజను ఆపొద్దండీ

జూన్ 2

ఏమండీ,

నమస్కారం. ముందుగా నా అక్షరాలు చూసి నవ్వొద్దు. ఐదో తరగతితో బడి మానేసిన చెయ్యి ఇది. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ లాగాలో అనుమానం వచ్చిన ప్రతిచోటా కలం ఆగి సిరా చుక్క పడింది. గీతల కాగితమే తీసుకున్నాను, అయినా వరస కిందికి జారిపోతోంది. తప్పులు మీరే దిద్దుకుని చదువుకోండి.

ఫోన్ చేయొచ్చు కదా అంటారు. మొన్న చేశాను కదా! మీరు "ఆఁ? ఏంటీ? గట్టిగా చెప్పు" అని అరుస్తుంటే, వెనకనుంచి మీ అక్కగారు "ఆ అమ్మాయి మాట్లాడుతోందా, ఊదుతోందా?" అన్నారు. హాల్లో అందరూ నవ్వారు. చెప్పాల్సింది చెప్పకుండానే పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

మీరు కాలు విరిగి మీ అక్కగారింటికి వెళ్ళిన వారానికే సూపర్‌వైజరుగారు మైదానంలో మీ బదులు గడ్డి కోయడానికి కాంట్రాక్టు మనిషిని తెచ్చారు. అతను మొదటిరోజు మన గడ్డి కోసే బండి ఎక్కి తాళం తిప్పితే అది టిక్కుమంది తప్ప కదల్లేదు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ టిక్కు. సూపర్‌వైజరుగారు ఆఫీసు వరండాలోంచి చూస్తూనే ఉన్నారు. "కొత్త బ్యాటరీ వేయించి ఏడాది కాలేదు. దానికి ముందుదీ ఇంతే. ఇన్నాళ్ళూ నడిపినతను కొత్తది బయట అమ్ముకుని పాతది బిగిస్తున్నాడేమో!" అన్నారు. గుమాస్తాలూ తోటపనివాళ్ళూ అందరూ విన్నారు. నేను మన గది గుమ్మంలోనే ఉన్నాను. నేనూ విన్నాను.

"మా ఆయన అలాంటివారు కాదండీ" అన్నాను. కానీ అది నాకే సరిగ్గా వినపడలేదు, ఇక ఆయనకేం వినపడుతుంది.

స్టోరు చూసుకునే బాబాయి తర్వాత వచ్చి చెప్పాడు. మీ కట్టు విప్పేలోపు ఈ బ్యాటరీ సంగతి తేలకపోతే, మైదానం మొత్తం కాంట్రాక్టుకే ఇచ్చేస్తారట. అంటే మీ ఉద్యోగంతో పాటు షెడ్డు పక్కన ఈ గది కూడా పోతుంది. ఉద్యోగం ఇంకోటి దొరుకుతుంది. గది కూడా దొరుకుతుంది. కానీ "అమ్ముకున్నాడు" అన్న మాట మనతోపాటే వస్తుంది. దాన్ని ఇక్కడే దించేసి కదలాలి.

నేనేం చేయాలో రాయండి. బ్యాటరీ గురించి నాకు ఓనమాలు రావు. నేర్చుకుంటాను.

కాలు కదపొద్దు. చదవగానే ఈ ఉత్తరం కాల్చేయండి. మీ అక్కగారి కంట పడితే నేను తలెత్తుకోలేను.

మీ భార్య


జూన్ 7

గుసగుసా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. అక్షరాలకేం, ముత్యాల్లా ఉన్నాయి. కొన్ని ముత్యాలు దొర్లిపోయాయంతే.

అమ్ముకున్నానా? నేనా? ఆ బండి సీటు చిరిగితే నా సొంత చొక్కా చింపి అతుకు వేసినవాణ్ణి. లేచి వచ్చేద్దామని మంచం దిగబోయాను. అక్క కర్ర లాక్కుని పైన అలమరలో పెట్టేసింది. "కాలు అతుక్కున్నాక నీ రోషం చూపించు" అంటోంది.

సరే, పనికొచ్చే మాట. అక్క వాళ్ళింటి కిందే ఒక బ్యాటరీ షాపు ఉంది. సాయంత్రాలు నన్ను కిందికి దించి అక్కడ కుర్చీలో పడేస్తున్నారు. ఆ మేస్త్రిని అడిగాను. గడ్డిబండి బ్యాటరీలు ముందే ఎందుకు చస్తాయంటే చాలా కారణాలున్నాయన్నాడు. తాళం ఆన్‌లో మర్చిపోవడం. బ్యాటరీ వదులుగా ఉండి కుదుపులకి లోపలి ప్లేట్లు రాలడం. టెర్మినళ్ళ మీద తెల్లటి పొడి పేరుకోవడం. లోపల నీళ్ళు తగ్గడం. వానాకాలమంతా కదలకుండా షెడ్డులో పడి ఉండడం. తొందరపడి పెద్ద చార్జరుతో ఒక్కసారే ఎక్కించేయడం.

నువ్వు సీటు పైకెత్తి చూడు. కింద బ్యాటరీ కనపడుతుంది. స్టోరు బాబాయిని పక్కన ఉండమను. అగ్గిపుల్ల దగ్గరికి రానీయకు. చేతులకి రబ్బరు తొడుగులు, కళ్ళకి అద్దాలు పెట్టుకో. తీగలు విప్పేటప్పుడు ముందు నల్లది, తర్వాత ఎర్రది. బిగించేటప్పుడు ముందు ఎర్రది, ఆఖర్న నల్లది. పొడి ఉంటే వంట సోడా కలిపిన నీళ్ళతో పాత పళ్ళ బ్రష్షు పెట్టి రుద్దు. ఆ నీళ్ళు మూతల్లోంచి లోపలికి పోకూడదు. నీళ్ళు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, కొళాయి నీళ్ళు చుక్క కూడా వద్దు.

నా అనుమానమంతా ఆ కాంట్రాక్టు వాడి మీదే. ముందురోజు బండి చూడ్డానికి వచ్చి తాళం తీయకుండా వదిలేసి ఉంటాడు. కనిపెట్టి ఉండు.

నీ
కుంటి మొగుడు


జూన్ 13

ఏమండీ,

నమస్కారం. ఈసారి బల్ల మీద కాగితం పెట్టి కింద గీత కనపడేలా రాస్తున్నాను. కొంచెం నయమేనా?

మీరు చెప్పినవన్నీ చూశాను. సీటు ఎత్తబోయి రెండుసార్లు వెనక్కి తగ్గాను. బాబాయి "అది కరవదమ్మా" అన్నాడు. ఎర్ర టెర్మినల్ మీద పంచదార పేరుకున్నట్టు తెల్లగా ఉంది, కానీ కొద్దిగానే. సోడా నీళ్ళు తగలగానే బుస్సుమని పొంగింది. నేను వెనక్కి గెంతితే బాబాయి కూడా గెంతాడు. బ్యాటరీని కట్టిన పట్టీ గట్టిగానే ఉంది. మీరు సైకిలు ట్యూబు ముక్కతో కట్టినట్టున్నారు, నా గోరు విరిగింది కానీ అది కదల్లేదు. నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి.

బాబాయి స్టోరులోంచి చిన్న చార్జరు తెచ్చి పెట్టాడు. రాత్రంతా నెమ్మదిగా ఎక్కింది. మర్నాడు మీటరు పెడితే పన్నెండున్నర వోల్టులు దాటి చూపించింది. బాబాయి "నిండింది" అన్నాడు. ఇంకో విషయం కూడా చెప్పాడు. "ఇది నీ మొగుడికి నేనే ఇచ్చిన బ్యాటరీ. దీని మీద గీసిన అంకె నా చేతిదే. ఎవరూ మార్చలేదు." ఆ మాట సూపర్‌వైజరుగారితో కూడా చెప్పాడట. ఆయన "అయితే బ్యాటరీని పాడుచేశాడన్నమాట" అన్నారట. ఒకటి పోయి ఇంకొకటి వచ్చింది.

కాంట్రాక్టు మనిషి తాళం మర్చిపోవడం లేదు. నేను రోజూ చూస్తున్నాను. బండి పొద్దున ఒక్క తిప్పుకే లేస్తోంది. అదే బ్యాటరీ, రోజూ. మీరు దిగులు పడకండి, బండి చక్కగా ఉంది.

ఆ మనిషి మాత్రం ఒట్టి మోటు. రౌండు తిరిగి షెడ్డు దగ్గరి కొళాయికి వచ్చినప్పుడు ఇంజను ఆపడు. అది దడదడా కొట్టుకుంటూ ఉంటే దాని మీదే కూర్చుని "అక్కా, మంచినీళ్ళూ" అని కేక పెడతాడు. చెంబు అందుకుంటాడు, గడగడా తాగుతాడు, పోతాడు. మీరు ఎంత మర్యాదగా ఆపేవారో.

ఈ ఉత్తరం కూడా కాల్చేయండి. గోరు బాగానే ఉంది.

మీ భార్య


జూన్ 18

నీ ఉత్తరం అందింది.

వాడి చేతిలో బండి చక్కగా ఉందన్నమాట. అదే బ్యాటరీ, అదే బండి, వాడు తిప్పితే లేస్తోంది, నేను నడిపితే చచ్చింది. తప్పు నా చేతిలోనే ఉందని సూపర్‌వైజరు అన్నాడు. ఇప్పుడు నువ్వూ అన్నావు, కాకపోతే మెత్తగా.

వాడికి నీళ్ళు నువ్వెందుకు అందిస్తున్నావు? కొళాయి ఉంది, వాడికి చేతులున్నాయి.

నేను మానేస్తున్నానని సూపర్‌వైజరుకి ఉత్తరం రాసి పెట్టాను. ఆదివారం పోస్టు చేస్తాను. ఈ మేస్త్రి తన షాపులోనే పని ఇస్తానంటున్నాడు. సామాన్లు సర్దుకుని అక్క దగ్గరికి వచ్చేయ్.

మేస్త్రి ఇవాళ కూడా అడిగాడు, "రోజుకి ఎన్నిసార్లు సెల్ఫ్ కొడతావు?" అని. పొద్దున ఒకసారి, భోజనమయ్యాక ఒకసారి అన్నాను. "అయితే నాకు అంతు పట్టడం లేదు" అన్నాడు. నాకూ పట్టడం లేదు. వదిలేయ్.


జూన్ 21

ఏమండీ,

ఆ ఉత్తరం పోస్టు చేయకండి. చేసి ఉంటే వెంటనే ఇంకోటి రాసి, ముందుదాన్ని లెక్కచేయొద్దనండి. తర్వాత కోపం తెచ్చుకోండి, ముందు ఇది చదవండి.

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఏడ్చి, మొహం కడుక్కుని, కొళాయి దగ్గరే గట్టు మీద కూర్చున్నాను. మీరు తప్పు చేశారని నేను అనలేదు. నాకు రాయడం రాక మీకు అలా అర్థమైంది. కానీ మేస్త్రిగారు అడిగిన ప్రశ్న దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. రోజుకి ఎన్నిసార్లు సెల్ఫ్ కొడతావు?

మీరు ఆయనకి అబద్ధం చెప్పలేదు. ఆ సంగతి మీ లెక్కలోకే రాలేదు.

కాంట్రాక్టు మనిషి పొద్దున తాళం తిప్పితే మళ్ళీ భోజనానికే ఆపుతాడు. మీరో? ప్రతి రౌండుకీ కొళాయి దగ్గర ఆపుతారు. నేను చెంబుతో వస్తాను. ఏదో అంటాను. మీరు "ఏమన్నావ్?" అంటారు. నేను మళ్ళీ అంటాను. ఇంజను చప్పుడులో నా గొంతు వినపడక తాళం తిప్పి ఆపేస్తారు. అప్పుడు నేను చెబుతాను. చాలాసార్లు నేను చెప్పింది "ఏం లేదు" అనే. ఆ "ఏం లేదు" వినడానికి మీరు ఇంజను ఆపారు. తర్వాత నవ్వి, మళ్ళీ సెల్ఫ్ కొట్టి, ఇంకో రౌండు తిరిగి, మళ్ళీ వచ్చి ఆపారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ రోజూ ఇదే కదా!

బాబాయిని అడిగాను. మన పెళ్ళికి ముందు బ్యాటరీ మూడేళ్ళు వచ్చిందట. ఒక్కసారి కూడా మొరాయించలేదట. నేను వచ్చాకే రెండు పోయాయి.

నా అనుమానం తప్పేమో. చదువులేనిదాన్ని. మేస్త్రిగారిని అడగండి. మాటిమాటికీ ఆపి స్టార్ట్ చేస్తే బ్యాటరీ పోతుందా, ఎందుకు పోతుంది, దాన్ని ఎలా చూపించాలి, అన్నీ అడిగి రాయండి. నేను సర్దుకుని రావడం లేదు. ఈ గదిలోనే ఉంటాను, ఇది తేలేదాకా.

నీళ్ళు ఇచ్చింది మర్యాదకి. అతనికి ముగ్గురు పిల్లలు. రేపట్నుంచి చెంబు గట్టు మీద పెట్టేస్తాను, సరేనా?

ఈ ఉత్తరం తప్పకుండా కాల్చండి. ముక్కలు చేసి మరీ కాల్చండి. ఇంతకన్నా సిగ్గుపడే సంగతి నేనెప్పుడూ రాయలేదు.

మీ భార్య


జూన్ 26

గుసగుసా,

పోస్టు చేయలేదు. అక్క కవరు దాచేసింది, ఎందుకని అడిగితే చెప్పదు.

నీ ప్రశ్న మేస్త్రిని అడిగాను. ఎందుకు ఆపేవాడివని ఆయన తిరిగి అడిగాడు. కొళాయి అన్నాను, నీ చెంబు అన్నాను. ఆయనకి అర్థమై నవ్వడం మొదలుపెట్టాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ నవ్వాడు. "తాళం తిప్పిన ప్రతిసారీ లెక్కపెట్టమన్నది ఇందుకేనయ్యా బాబూ!" అన్నాడు.

నువ్వు చెప్పిందే నిజం. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా బ్యాటరీ ఒక్కసారిగా పెద్ద గుక్క ఖర్చు పెడుతుందట. గడ్డిబండిలో చార్జింగ్ సన్నటి ధార. పోయింది తిరిగి నిండాలంటే ఇంజను పూర్తి వేగంతో చాలాసేపు తిరగాలి. మనం అది నిండకముందే ఆపేసి ఇంకో గుక్క తీశాం. అలా ఎప్పుడూ సగం ఆకలితో ఉంటే లోపల ప్లేట్ల మీద తెల్లటి పొర కడుతుందట. పొర గట్టిపడ్డాక ఎంత ఎక్కించినా తీసుకోదు. నువ్వూ బాబాయీ వేళకి నెమ్మదిగా ఎక్కించారు కాబట్టి ఇది బతికింది.

చూపించడం కూడా తేలికే. నిండా ఎక్కించి, మీటరు చూసి, రెండు రోజులు నాలాగే రౌండుకోసారి ఆపి నడిపి, మూడోరోజు పొద్దున మళ్ళీ మీటరు చూడాలి.

కానీ ఇది సూపర్‌వైజరుకి చెప్పొద్దు. పెళ్ళాంతో కబుర్లకి బండి ఆపాడని మైదానమంతా నవ్వుతారు. నన్ను చూసి నవ్వితే నవ్వారు, నిన్ను చూసి నవ్వితే నేను ఓర్చుకోలేను. నేను వచ్చాక ఇంకేదో కారణం చెప్పి చూసుకుంటాను.

ఒక్కటి అడుగుతాను. అంటే ఇక మనం మాట్లాడుకోకూడదా?

నీ మొగుడు


జూలై 3

ఏమండీ,

చెప్పేశాను.

మీరు వద్దన్నారని తెలుసు. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరు వచ్చేదాకా ఆగితే, మీరు వచ్చేసరికి మైదానం కాంట్రాక్టు వాళ్ళదైపోతుంది. బాబాయి చెప్పాడు, కాంట్రాక్టు కాగితం టైపు అయి సూపర్‌వైజరుగారి బల్ల మీదికి వచ్చేసిందట. ఇంకేదో కారణం చెప్తే ఇంకేదో అనుమానం పుడుతుంది. ఉన్నదే చెప్పాలి. చెప్పాల్సింది నేనే, ఎందుకంటే ఆ కొళాయి దగ్గర మీతోపాటు ఉన్నది నేనే.

ఆఫీసుకి వెళ్ళాను. సూపర్‌వైజరుగారు వరండాలో నిలబడి ఉన్నారు. కాంట్రాక్టు మనిషి వరండా ముందే గడ్డి కోస్తున్నాడు. బండి హోరు. నేను నోరు తెరిచాను. ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టి "ఏంటమ్మా?" అన్నారు. మళ్ళీ చెప్పాను. "వినపడట్లేదమ్మా, ఉండు" అని బండి వైపు తిరిగి, ఆపమని చెయ్యి పైకెత్తారు.

అప్పుడేమైందో నాకే తెలియదు. "ఆపొద్దండీ!" అని అరిచాను.

అది నా గొంతేనా అని నేనే వెనక్కి తిరిగి చూశాను. గుమాస్తాలు కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. సూపర్‌వైజరుగారి చెయ్యి అలాగే పైన ఉండిపోయింది. ఎలాగూ అరిచాను కదా, ఇక ఆగలేదు. "ఆపితే మళ్ళీ సెల్ఫ్ కొట్టాలి! అలా కొట్టీ కొట్టీ బ్యాటరీ పోతోంది! మా ఆయన అమ్ముకోలేదు, పాడుచేయలేదు! ప్రతి రౌండుకీ నాతో మాట్లాడ్డానికి ఇంజను ఆపుతారు! నా మాట వినపడక!"

ఆ చివరి మాట మైదానం అవతలి గోడకి తగిలి తిరిగొచ్చింది.

సూపర్‌వైజరుగారు చెయ్యి దించారు. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "ప్రతి రౌండుకీనా?" అన్నారు. అవునన్నాను. మేస్త్రిగారు చెప్పిందంతా చెప్పాను, గుక్కా, సన్నటి ధారా, తెల్లటి పొరా, అన్నీ. అన్నీ గట్టిగానే. "నిజమో కాదో రెండు రోజులు చూడండి" అన్నాను.

ఆయన ఒప్పుకున్నారు. బాబాయి బ్యాటరీ నిండా ఎక్కించాడు. మీటరు పన్నెండున్నర దాటింది, సూపర్‌వైజరుగారు స్వయంగా చూశారు. కాంట్రాక్టు మనిషి గొణిగాడు. "రౌండుకోసారి ఆపి ఏం చేయాలి సార్? నేనెవరితో మాట్లాడను?" "కొళాయితో మాట్లాడవయ్యా" అన్నారు సూపర్‌వైజరుగారు. పాపం, అతను నిజంగానే ఆపినప్పుడల్లా కొళాయికి దణ్ణం పెట్టి "బాగున్నారా?" అని అడిగి మళ్ళీ సెల్ఫ్ కొట్టాడు. నేను కిటికీ వెనక నవ్వలేక చచ్చాను.

రెండోరోజు సాయంత్రానికే సెల్ఫ్ ఈడ్చడం మొదలైంది. మూడోరోజు పొద్దున తాళం తిప్పితే టిక్కుమంది. మళ్ళీ తిప్పితే మళ్ళీ టిక్కు. మీరు వెళ్ళాక విన్న చప్పుడే. మీటరు పన్నెండు దగ్గరికి పడిపోయింది. కాంట్రాక్టు మనిషి బండి దిగి, "అక్కా, మీ కబుర్లకి ఈ బ్యాటరీ చాలదు, లారీది వేయించాలి" అన్నాడు.

సూపర్‌వైజరుగారు "సరే, కట్టు విప్పగానే మీ ఆయన్ని పనిలోకి రమ్మను" అన్నారు. నేను కదల్లేదు. "ఇంకేంటమ్మా?" అన్నారు. "అమ్ముకున్నాడేమో అన్న మాట మీరు ఈ వరండాలోనే అన్నారండీ, అందరి ముందూ. దాన్ని కూడా ఇక్కడే వెనక్కి తీసుకోండి" అన్నాను. అదీ గట్టిగానే. ఆయన గుమాస్తాల వైపు తిరిగి, "ఆ బ్యాటరీ విషయంలో నేను తొందరపడి మాట్లాడాను, అతని తప్పేం లేదు" అన్నారు. అందరూ విన్నారు. నేనూ విన్నాను.

ఇప్పుడు బ్యాటరీ మళ్ళీ బాబాయి దగ్గర చిన్న చార్జరు మీద ఉంది. వానాకాలంలో బండి ఆగిపోయినప్పుడు దాన్ని విప్పి లోపల పెట్టి, నెలకోసారి ఎక్కిస్తారట. నల్లతీగ ముందు విప్పాలని నేనే బాబాయికి గుర్తు చేశాను.

మీరు అడిగినదానికి జవాబు. మాట్లాడుకోకూడదని ఎవరన్నారు? మాట్లాడుకుంటాం. మీరు వచ్చాక కొళాయి దగ్గర ఇంజను మాత్రం ఆపకండి. నేను చెప్పాల్సింది ఆ హోరు మీదుగానే చెప్తాను. రోజూ సాయంత్రం మైదానం ఖాళీ అయ్యాక గట్టు మీద నిలబడి సాధన చేస్తున్నాను. నిన్న పావురాలన్నీ ఒక్కసారే లేచిపోయాయి. ఇక "ఏం లేదు" అని మాత్రం అనను. ఏదో ఉంటేనే అరుస్తాను. ఉంటుంది కూడా, మీరు లేని రోజుల్లో చాలా పోగైంది.

ఈ ఉత్తరం కాల్చమని అడగను. మీ అక్కగారికి చదివి వినిపించండి, హాల్లో అందరూ ఉన్నప్పుడే. కవరు దాచినందుకు నా నమస్కారాలు చెప్పండి.

ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను. ఫోను చెవికి కొంచెం దూరంగా పట్టుకోండి.

మీ భార్య